బడి మూసేలోపు: సంవత్సరాంతంలో హైస్కూలు విద్యార్థులు ఏ పని ఎలా ముగించుకోవాలి

విద్యా సంవత్సరం ముగింపుకు వస్తోందంటే చాలు, కొన్ని ప్రశ్నలు ఏటా అవే వరసలో వస్తాయి. మార్కుల్లో తేడా కనిపిస్తోంది, ఎవరిని అడగాలి? బడి ఇచ్చిన ఈమెయిలు సెలవుల్లో పనిచేస్తుందా? టీచరుగారిని సిఫారసు లేఖ ఎప్పుడు అడగాలి? ప్రశ్నలు మంచివే, కానీ ఎక్కువగా సెలవులు మొదలయ్యాకే వస్తాయి. కార్యాలయం తెరిచి ఉన్నప్పుడు పది నిమిషాల్లో తేలే పని, తాళం పడ్డాక తర్వాతి సంవత్సరం దాకా సాగుతుంది.

పరీక్షలకు ఎలా చదవాలో చెప్పేవారు మీకు చాలామందే ఉంటారు. అందుకే ఇక్కడ ఆ సంగతి కొద్దిగానే ఉంటుంది. పరీక్షల సందడిలో ఎవరికీ గుర్తురాని కాగితాలు, ఫైళ్లు, బాకీల గురించే ఎక్కువగా చెబుతాను. ఒక్కో బడికి ఒక్కో పద్ధతి ఉంటుంది కాబట్టి తేదీలు, రుసుముల విషయంలో మీ బడి నోటీసులో ఉన్నదే చివరి మాట.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక తెల్లకాగితం, మామూలు బాల్‌పాయింట్ పెన్ను
- జనన ధ్రువపత్రం లేదా పాస్‌పోర్టు వంటి అధికారిక గుర్తింపు పత్రం, కనీసం దాని నకలు
- ఈ ఏడాది దిద్ది ఇచ్చిన జవాబు పత్రాలు, ప్రాజెక్టులు, మార్కులు వేసిన అసైన్‌మెంట్లు
- బడికి చెల్లించిన రుసుముల రసీదులు
- మీ సొంత ఈమెయిలు ఖాతా (బడి ఇచ్చింది కాదు)
- ఫైళ్లు దాచడానికి పెన్ డ్రైవ్ లేదా ఇంట్లోని కంప్యూటర్

పెన్ను గురించి చిన్న మాట. వేడికి చెరిగిపోయే సిరా ఉన్న పెన్నులు విద్యార్థుల దగ్గర తరచుగా కనిపిస్తాయి. ఫ్రిక్షన్ రకం పెన్నుల సిరా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడికి కనబడకుండా పోతుంది. దానితో నింపిన దరఖాస్తు ఎండలో ఆపిన కారులో ఉండిపోతే చేతికి తెల్లకాగితం మిగలవచ్చు. సంతకం పెట్టే ఏ కాగితం మీదా అవి వాడకండి.

1. తేదీలన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకోండి

సంవత్సరాంతపు సమాచారం ఒక్కచోట ఉండదు. పరీక్షల పట్టిక గోడమీద, పుస్తకాలు తిరిగి ఇవ్వవలసిన తేదీ లైబ్రరీ తలుపు మీద, ప్రాజెక్టు గడువు టీచరుగారి మాటలో, రుసుము గడువు ఇంటికి పంపిన లేఖలో ఉంటాయి. చివరి రోజుకు మూడు నాలుగు వారాల ముందే వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, చదువుకునే బల్ల ముందు అంటించండి. ఫోనులోనూ పెట్టుకోవచ్చు. కానీ ఫోనులో పెట్టింది మీకొక్కరికే కనబడుతుంది, గోడ మీదిది ఇంట్లో అందరికీ కనబడుతుంది. ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

ప్రతి పని పక్కన తేదీతోపాటు వేళ కూడా రాయండి. చాలామంది తడబడేది ఇక్కడే. 'శుక్రవారం లోపు' అంటే శుక్రవారం అర్ధరాత్రి దాకా అనుకుంటారు, కార్యాలయం మధ్యాహ్నానికే మూసేస్తుంది. ఆన్‌లైన్‌లో 12 గంటలకు గడువు అని ఉంటే అది పగలా రాత్రా అని అడిగి తెలుసుకోండి. మీ సొంత గడువును అసలు గడువుకు రెండు రోజుల ముందు పెట్టుకోండి.

2. మార్కులను మీరే కూడి చూడండి

తుది మార్కులు ఖరారయ్యాక మార్పించడం కష్టం. ఖరారు కాకముందు అయితే సంబంధిత టీచరుగారు చూసి, అక్కడికక్కడే సరిదిద్దగలరు. కాబట్టి పరీక్షలకు ముందే, అప్పటిదాకా నమోదైన మార్కులను మీ దగ్గరున్న కాగితాలతో పోల్చి చూసుకోండి.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక సబ్జెక్టులో హోంవర్కుకు 20 శాతం, యూనిట్ పరీక్షలకు 30 శాతం, తుది పరీక్షకు 50 శాతం విలువ ఉందనుకోండి. మీకు వరసగా 90, 70, 64 వచ్చాయి. 90లో 20 శాతం 18, 70లో 30 శాతం 21, 64లో 50 శాతం 32. మొత్తం 71. చాలామంది మూడింటినీ కూడి మూడుతో భాగించి 74.67 అంటారు, తర్వాత బడివాళ్లు తమ మార్కులు తగ్గించారని వాదనకు దిగుతారు. ఆ వాదన నిలవదు. ముందు ఏ భాగానికి ఎంత విలువో తెలుసుకోండి.

తుది పరీక్షలో ఎంత తెచ్చుకోవాలన్న ప్రశ్నకూ ఇదే లెక్క. పై ఉదాహరణలో మొత్తం 75 కావాలంటే, ఇప్పటికే 18, 21 కలిసి 39 చేతిలో ఉన్నాయి. ఇంకా 36 కావాలి. 50 శాతం విలువలో 36 రావాలంటే పరీక్షలో నూటికి 72 తెచ్చుకోవాలి. ఈ అంకె తెలిస్తే ఏ సబ్జెక్టుకు ఎంత సమయం పెట్టాలో తేల్చుకోవచ్చు. 95 కావాలని తేలిన చోట ప్రాణం పెట్టే బదులు, 72తో గట్టెక్కే చోట గట్టిగా చదవడం మంచిది.

తేడా వస్తే ముందుగా సున్నాల కోసం వెతకండి. మీరు ఇచ్చినా నమోదు కాని పని, జబ్బు చేసి రాయని పరీక్ష కొన్ని పట్టికల్లో సున్నాగా చేరిపోతుంది. ఖాళీ గడికీ సున్నాకూ చాలా తేడా ఉంది. ఆరు హోంవర్కుల్లో ఐదింటికి 90 చొప్పున వచ్చి, ఆరోది పొరపాటున సున్నా అయితే సగటు 90 నుంచి 75కు పడిపోతుంది. పై ఉదాహరణలో 18 కాస్తా 15 అవుతుంది, మొత్తం 71 నుంచి 68కి దిగుతుంది. ఒక్క గడి చేసే నష్టం అది.

అడిగే పద్ధతి కూడా చూసుకోవాలి. 'నాకు మార్కులు తక్కువ వేశారు' అంటే సంభాషణ అక్కడే బిగుసుకుపోతుంది. 'మూడో హోంవర్కు ఫలానా తేదీన ఇచ్చానండి, దిద్దిన కాగితం ఇదిగో, పట్టికలో సున్నా కనబడుతోంది, ఒకసారి చూస్తారా' అని కాగితం ముందు పెట్టండి. అందుకే, తుది మార్కులు చేతికి వచ్చేదాకా దిద్దిన ఏ కాగితాన్నీ పారేయకూడదు.

హాజరు లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. సెలవు చీటీ ఇచ్చిన రోజులు గైర్హాజరుగా పడ్డాయేమో క్లాస్ టీచరును అడగండి. మార్కుల గురించి అడగడానికి వెళ్లినప్పుడే ఈ పనీ అయిపోతుంది.

3. పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి

మార్కుల పత్రంలో ఒక అక్షరం తేడా ఈ రోజు చిన్నదే. కాలేజీలో చేరేటప్పుడు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు అదే పెద్ద పని అవుతుంది. చివరి సంవత్సరం విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. మిగతావారూ ఏడాదికి ఒకసారి చూసుకుంటే మంచిది.

బడి రికార్డులో ఉన్న వివరాలు చూపించమని కార్యాలయంలో అడగండి. మీ గుర్తింపు పత్రాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. ఇద్దరు కలిసి చేయాలి. ఒకరు పత్రంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పైకి చదవాలి, మరొకరు రికార్డులో వేలు పెట్టి చూడాలి. ఒక్కరే చూస్తే కన్ను తనకు అలవాటైన పేరునే చదువుతుంది, తప్పు కనబడదు.

ముఖ్యంగా చూడవలసినవి ఇవి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉందా? ఇంటిపేరు ముందుందా, చివరుందా? రెండు పదాల పేరు మధ్య ఖాళీ రెండు చోట్లా ఒకేలా ఉందా? అమ్మానాన్నల పేర్లూ అలాగే ఉన్నాయా?

పుట్టిన తేదీలో ఇంకో చిక్కు ఉంది. 04/07 అంటే కొన్ని దేశాల్లో ఏప్రిల్ 7, మరికొన్ని దేశాల్లో జూలై 4. రోజు అంకె 12 దాటితే తప్పు వెంటనే తెలిసిపోతుంది, దాటకపోతే ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియదు. ఒక దేశం నుంచి మరో దేశానికి బడి మారిన పిల్లల రికార్డుల్లో దీన్ని తప్పకుండా చూడాలి. దరఖాస్తు మీరు నింపేటప్పుడు వీలుంటే నెల పేరును అక్షరాల్లో రాయండి.

జాగ్రత్త: తప్పు కనబడితే కొట్టివేసి మీరే దిద్దకండి. దిద్దుబాటున్న పత్రం చెల్లకుండా పోవచ్చు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అది అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. అసలు ధ్రువపత్రాలను లామినేషన్ కూడా చేయించకండి. ముద్ర, సంతకం తాకి చూడటానికి వీలుండదని లామినేషన్ చేసిన పత్రాలను తీసుకోని కార్యాలయాలు చాలానే ఉన్నాయి. ప్లాస్టిక్ కవరులో పెడితే సరిపోతుంది.

4. సిఫారసు లేఖ కావాలంటే ఇప్పుడే అడగండి

వచ్చే ఏడాది కాలేజీకో, ఉపకార వేతనానికో దరఖాస్తు చేసే ఉద్దేశం ఉంటే, మీకు పాఠం చెప్పిన టీచరుగారితో సెలవులకు ముందే మాట్లాడండి. ఈ ఏడాది మీ పని వారికి తాజాగా గుర్తుంటుంది. గడువుకు కనీసం మూడు నాలుగు వారాల వ్యవధి ఇవ్వాలి.

ఎక్కువ మార్కులు వేసిన టీచరునే అడగాలని లేదు. ఒక అధ్యాయం అర్థం కాక మళ్లీ మళ్లీ వచ్చి అడిగిన విద్యార్థి గురించి రాయడానికి టీచరుకు విషయం ఉంటుంది. ఎప్పుడూ 98 తెచ్చుకుని నోరు విప్పని విద్యార్థి గురించి రాయాలంటే ఒక్క వాక్యం దాటదు.

అడిగేటప్పుడు ఒక పేజీ కాగితం చేతికివ్వండి. వారి తరగతిలో మీరు చేసిన ప్రాజెక్టు, ఎదురైన ఇబ్బంది, దాన్ని దాటిన తీరు, లేఖ ఎవరికి, ఎప్పటిలోగా, ఏ రూపంలో చేరాలన్నవి అందులో ఉండాలి. మీ గురించి పొగడ్తలు రాయకండి, జరిగినవి రాయండి. 'వీలుంటుందా అండీ' అని అడిగి, కాదనే అవకాశం కూడా వారికి ఇవ్వండి. మొహమాటానికి రాసిన లేఖ మీకు మేలు చేయదు.

5. బడి ఇచ్చిన ఖాతాలోని ఫైళ్లను బయటికి తెచ్చుకోండి

ఏటా ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీని మీద కాసేపు ఆగుదాం. బడి ఇచ్చిన గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతా మీ పేరుతో ఉన్నా మీది కాదు, బడిది. బడి వదిలి వెళ్లేవారి ఖాతాలను మూసివేస్తారు, కొన్ని చోట్ల చివరి రోజునే. కంప్యూటర్ విభాగాన్ని మొట్టమొదట ఒక్కటే అడగండి: నా ఖాతా ఏ తేదీన మూతపడుతుంది? వచ్చే ఏడాది ఇక్కడే చదివేవారి ఖాతా మామూలుగా కొనసాగుతుంది, అయినా అడగడంలో తప్పు లేదు.

గూగుల్ ఖాతా అయితే: 'గూగుల్ టేకౌట్' అనే సేవలోకి బడి ఖాతాతో వెళ్లండి. డ్రైవ్, మెయిల్, ఫొటోలు వంటి వాటిలో మీకు కావలసినవే ఎంచుకుని కోరిక పెట్టండి. కొంతసేపటికి, ఫైళ్లు ఎక్కువైతే కొన్ని గంటలకో రోజులకో, డౌన్‌లోడ్ లింకు వస్తుంది. ఆ లింకు సుమారు వారం మాత్రమే పనిచేస్తుంది. వచ్చిన రోజే దింపుకోండి. 'డాక్స్'లో రాసినవి వర్డ్ ఫైళ్లుగా మారి వస్తాయి.

కొన్ని బడులు టేకౌట్‌ను విద్యార్థులకు తెరవవు. అప్పుడు డ్రైవ్‌ను బ్రౌజరులో తెరిచి, ఒక్కో ఫోల్డరును ఎంచుకుని డౌన్‌లోడ్ నొక్కండి. జిప్ ఫైలుగా వస్తుంది. కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. కొందరి కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్ ఒక ఫోల్డరులా కనబడుతుంది. అందులోని ఫైళ్లన్నీ లాగి పెన్ డ్రైవ్‌లో వేసి, పని అయిపోయిందనుకుంటారు. డాక్స్, షీట్స్, స్లైడ్స్ ఫైళ్ల విషయంలో అక్కడ కనబడేది ఫైలు కాదు, ఆన్‌లైన్‌లో ఉన్న దానికి దారి చూపే లింకు మాత్రమే. ఖాతా మూతపడగానే ఆ లింకు తెరుచుకోదు. ఏడాదంతా రాసిన వ్యాసాల పేర్లు కనబడుతుంటాయి, లోపల ఏమీ ఉండదు. ఫైలు పరిమాణం చూస్తే గుట్టు తెలుస్తుంది. ఇరవై పేజీల ప్రాజెక్టు ఒక కిలోబైటు ఉందంటే అది ఫైలు కాదు.

పంచుకున్న ఫైళ్ల సంగతి వేరు. బృంద ప్రాజెక్టు మీ స్నేహితురాలి ఖాతాలో తయారై ఉంటే, మీ టేకౌట్‌లో అది రాదు. దాన్ని తెరిచి, విడిగా డౌన్‌లోడ్ చేసుకోండి. మీరే యజమాని అయితే, మీ ఖాతాతోపాటు ఆ ఫైలు మిగతా అందరికీ పోతుంది. బడిలో కొనసాగే ఎవరికైనా యజమాన్యం బదిలీ చేసి వెళ్లండి. బడి ఖాతా నుంచి మీ సొంత ఖాతాకు యజమాన్యం బదిలీ కాదు. సొంత ఖాతాతో పంచుకుంటే చాలదు కూడా, అసలు పోతే పంచుకున్నదీ పోతుంది. సొంత ఖాతాలో నకలు తయారుచేసుకోవాలి.

మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే: వన్‌డ్రైవ్‌ను బ్రౌజరులో తెరిచి ఫోల్డర్లను డౌన్‌లోడ్ చేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. వన్‌నోట్‌లో నోట్సు రాసుకుని ఉంటే దాన్ని విడిగా పీడీఎఫ్‌గా మార్చి దాచుకోండి.

ఫైళ్లు దిగాక ఇంకో పని మిగిలి ఉంటుంది. బడి ఈమెయిలుతో మీరు ఇంకా ఎక్కడెక్కడ నమోదు చేసుకున్నారో గుర్తుచేసుకోండి: ప్రవేశ పరీక్షల వెబ్‌సైట్లు, కాలేజీ దరఖాస్తులు, కోడింగ్ నేర్పే సైట్లు, చిత్రాలు గీసే యాప్‌లు. మెయిల్లో 'స్వాగతం', 'ధ్రువీకరణ' వంటి మాటలతో వెతికితే చాలావరకు బయటపడతాయి. ఒక్కోదానిలోకి వెళ్లి సొంత ఈమెయిలుకు మార్చండి. లేకపోతే పాస్‌వర్డ్ మరచిపోయిన రోజున, దాన్ని మార్చుకునే లింకు ఎవరూ తెరవలేని పెట్టెలోకి వెళుతుంది.

ఎలా సరిచూసుకోవాలి: ఇంటర్నెట్ ఆపేయండి. దింపుకున్న వాటిలో మూడు ఫైళ్లు తెరవండి: బాగా పాతది ఒకటి, బాగా పెద్దది ఒకటి, బొమ్మలున్నది ఒకటి. మూడూ చివరి పేజీదాకా తెరుచుకుంటే పని అయినట్టే. జిప్ ఫైలును విప్పి చూడకుండా వదిలేయకండి. తర్వాత పెన్ డ్రైవ్‌లో ఒక ప్రతి, ఇంటి కంప్యూటర్లోనో సొంత ఖాతాలోనో మరో ప్రతి ఉంచండి. పెన్ డ్రైవ్ ఒక్కటే ఉంటే అది పోయిన రోజున అన్నీ పోతాయి.

6. కాగితాలను ఫొటో తీసేటప్పుడు

మార్కుల పత్రాలు, రసీదులు, ప్రశంసా పత్రాలు అన్నిటినీ ఫోనుతో స్కాన్ చేసుకోండి. మామూలు ఫొటో కన్నా ఫోనులోని స్కాన్ సదుపాయం అంచులను సరిచేసి పీడీఎఫ్ ఇస్తుంది. రుసుముల రసీదులను ముందుగా తీయండి. అవి తరచుగా వేడితో ముద్రించే కాగితం మీద వస్తాయి, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి.

ఐఫోను వాడేవారికి ఒక హెచ్చరిక. ఆ ఫోను ఫొటోలను హెచ్ఈఐసీ అనే రూపంలో దాచవచ్చు, దాన్ని కొన్ని వెబ్‌సైట్లు తీసుకోవు. 2020 మేలో అమెరికాలో, హైస్కూలు విద్యార్థులు రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను ఇంటి నుంచే రాయించినప్పుడు, జవాబుల ఫొటోలు ఈ రూపంలో ఉండటంతో కొందరివి చేరక, వారు మళ్లీ పరీక్ష రాయవలసి వచ్చింది. ఫైలు పేరు చివర అక్షరాలు మార్చినంత మాత్రాన ఫొటో రూపం మారదు. కెమెరా సెట్టింగుల్లో 'ఫార్మాట్స్'కు వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఆ తర్వాత తీసే ఫొటోలు జేపీజీగా వస్తాయి.

ఫైళ్ల పేర్లను సంవత్సరంతో మొదలుపెట్టండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత పత్రం పేరు. అప్పుడు జాబితా దానంతటదే కాలక్రమంలో నిలబడుతుంది. 'స్కాన్ కొత్తది చివరిది 2' అనే పేరుతో దాచినదాన్ని మళ్లీ వెతికి పట్టుకోవడం మీ వల్ల కూడా కాదు.

7. తీసుకున్నవి తిరిగి ఇచ్చేయండి

పాఠ్యపుస్తకాలు, లైబ్రరీ పుస్తకాలు, లాకరు తాళం, ఆటల దుస్తులు, ప్రయోగశాల కోటు, అరువు తెచ్చుకున్న కాల్‌క్యులేటరు, బడి ఇచ్చిన ల్యాప్‌టాప్, దాని ఛార్జరు. ఛార్జరు మరచిపోయేవారే ఎక్కువ.

పుస్తకం ఇవ్వగానే వెనుదిరగకండి. లెక్కలోంచి మీ పేరు తీసేశారో లేదో చూసి, రసీదు అడగండి. రసీదు ఇచ్చే పద్ధతి లేకపోతే, పుస్తకం మీది నంబరు కనబడేలా, ఇచ్చే చోటే ఒక ఫొటో తీసుకోండి. బాకీ ఉందని మార్కుల పత్రం ఆపే బడులు ఉన్నాయి. అప్పుడు మీ మాట కన్నా ఆ ఫొటోకే విలువ.

పుస్తకం పోతే దాచిపెట్టి ప్రయోజనం లేదు. ముందే చెబితే అదే ముద్రణ ప్రతి కొనివ్వమనో, కొంత రుసుము కట్టమనో అంటారు. కొనే ముందు ఏ ముద్రణ కావాలో అడగండి. చాలామంది పాత ముద్రణ కొనుక్కొచ్చి రెండోసారి ఖర్చు పెడతారు.

ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు తీసేసి, అన్ని ఖాతాల నుంచి బయటికి రండి. సొంత కాల్‌క్యులేటరును సెలవుల్లో వాడకపోతే బ్యాటరీలు బయటికి తీసి ఉంచండి. ఆల్కలైన్ బ్యాటరీలు కారితే లోపలి లోహపు పలకలు తినేస్తాయి.

8. పరీక్షల వారం

చదివిన పేజీనే మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయడం ఎక్కువ పనిచేస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవారికి వారం తర్వాత సుమారు 42 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. మళ్లీ చదివితే అన్నీ వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మకండి.

నిద్ర విషయంలో బేరం వద్దు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. పరీక్షల పట్టికను ఇద్దరు వేర్వేరుగా చదివి పోల్చుకోండి. ఉదయం పరీక్షను మధ్యాహ్నం అనుకుని వచ్చేవారు ప్రతి బడిలోనూ ఒకరుంటారు.

9. చివరి రోజు, ఆ తర్వాతి వారం

లాకరును చివరి రోజు ఖాళీ చేయాలని పెట్టుకోకండి. రెండు రోజుల ముందు నుంచే కొంచెం కొంచెం ఇంటికి తీసుకెళ్లండి. నోట్సులు పారేసే ముందు ఒక్కటే చూడండి: వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు కొనసాగుతుందా? లెక్కలు, విజ్ఞానశాస్త్రం, భాషల నోట్సులు కొనసాగుతాయి కాబట్టి ఉంచండి. మిగతా వాటిలో మీకు నచ్చిన నాలుగు కాగితాలు ఉంచుకుంటే చాలు. బొమ్మలు, నమూనాల వంటి పెద్ద పనులకు ఫొటోలు తీసుకోండి.

వచ్చే ఏడాదికి ఏ సబ్జెక్టులు ఎంచుకున్నారో చూపే కాగితం, సెలవుల్లో చదవమన్న పుస్తకాల జాబితా, బడి తిరిగి తెరిచే తేదీ, సెలవుల్లో కార్యాలయం పనిచేసే వేళలు, ఈ నాలుగూ చేతికి వచ్చాకే గేటు దాటండి.

సెలవుల మొదటి వారంలో మార్కుల పత్రం వస్తే, రెండో అంచెలో చెప్పిన లెక్క మరోసారి వేయండి. పునఃపరిశీలన కోరే గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. పత్రం వచ్చిన రోజే గడువు తేదీ చూసి రాసుకోండి.

గడువు దాటిపోయి ఉంటే

ఖాతా మూతపడిందని ఇప్పుడే తెలిసిందా? వెంటనే బడికి రాయండి. తొలగించిన గూగుల్ విద్యా ఖాతాను 20 రోజుల లోపు నిర్వాహకులు మళ్లీ తెరవగలరు. మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఈ వ్యవధి 30 రోజులు. ఆ తర్వాత వారు కూడా ఏమీ చేయలేరు. కాబట్టి మొహమాటపడుతూ రెండు వారాలు గడపకండి.

మిగతా ఏ పనికైనా, సెలవుల్లో బడికి రాసే ఉత్తరం పొట్టిగా, ఒక్క విషయం మీదే ఉండాలి. ఇలా రాయవచ్చు:

'గౌరవనీయులైన టీచరుగారికి, నేను పదో తరగతి బి విభాగం విద్యార్థిని. మార్కుల పత్రంలో నా యూనిట్ పరీక్ష మార్కులు 45గా ఉన్నాయి. దిద్దిన జవాబు పత్రంలో 54 ఉన్నాయి, దాని స్కాన్ ప్రతి జతచేశాను. సరిచూడగలరా? కార్యాలయానికి స్వయంగా రావలసి ఉంటే ఏ రోజు రావాలో తెలియజేయగలరు.'

కింద మీ పూర్తి పేరు, రికార్డులో ఉన్నట్టే రాయండి. వరస సంఖ్య, తరగతి, ఫోను నంబరు ఇవ్వండి. సొంత ఈమెయిలు నుంచి పంపుతారు కాబట్టి, పేరు లేకపోతే మీరెవరో వారికి తెలియదు. జతచేసిన ఫైలు నిజంగా వెళ్లిందో లేదో 'పంపినవి'లో తెరిచి చూసుకోండి. వారం దాకా జవాబు రాకపోతే కొత్త ఉత్తరం మొదలుపెట్టకుండా అదే ఉత్తరానికి కొనసాగింపుగా మరోసారి రాయండి. అప్పటికీ రాకపోతే, కార్యాలయం పనిచేసే వేళల్లో ఫోను చేయండి.